వేషమెరిగిన నవ్వు: పురుషవేష నాయిక – తెనాలి రంగస్థలం, రేపల్లె చారిత్రక నవల, రీజెన్సీ అద్భుత కథ

ఉపోద్ఘాతం

నాయిక పురుషవేషం ధరించి గడప దాటడం, ఆనవాలు చిక్కని ఆ వేషంలో సాహసాలు చేయడం, చివరకు వేషం తొలగి ప్రణయం ఫలించడం కథాసాహిత్యంలో చాలా పాత కల్పన. కాశీమజిలీ కథల వంటి సంపుటాలు చదివిన తెలుగు పాఠకునికి ఇది కొత్త కాదు. ఆంగ్లంలో ఈ కల్పన బాగా వేళ్లూనుకొన్న ప్రక్రియలలో రీజెన్సీ ప్రణయనవల ఒకటి. మూడవ జార్జి అస్వస్థుడైనందున యువరాజు ప్రతినిధిగా రాజ్యం చేసిన 1811–1820 నాటి ఇంగ్లండు ఈ నవలకు నేపథ్యం. ఆ కాలానికి మంత్రవిద్యను కూడా చేర్చినప్పుడు అది రీజెన్సీ అద్భుత ప్రణయకథ అవుతుంది. నృత్యసభలు, గుర్రపుబండ్లు, మర్యాదల చట్రం ఒకవైపు, మాయలు, మంత్రాలు మరొకవైపు ఉండగా వాటి నడుమ మగపిల్లవాడి దుస్తుల్లో ఒక అమ్మాయి తిరుగుతుంది.

ఇటువంటి రచనలను పాఠకులు ఇష్టంగా చదువుతారు. విమర్శ మాత్రం వీటిని కాలక్షేప సాహిత్యమని పక్కకు పెడుతుంది. వీటిలోని ఆనందానికి కారణమేమిటన్న ప్రశ్న అందువల్ల అడగకుండానే మిగిలిపోతుంది. ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి కావలసిన సామగ్రి తెలుగునాట దండిగా ఉంది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు గుంటూరు జిల్లాలో భాగంగా ఉన్న మూడు పట్టణాలు ఇందుకు చక్కని ఆధారం. స్త్రీపాత్రధారణలో అసమానుడనిపించుకొన్న నటుని జన్మస్థలం బాపట్ల. ఆయన కళ వికసించిన వేదిక తెనాలి. పురుషనామంతో రాజ్యమేలిన రాణిని నవలానాయికను చేసిన రచయిత న్యాయవాదిగా జీవించిన ఊరు రేపల్లె.

ఈ వ్యాసం ప్రతిపాదించే విషయం ఒక్కటే. పురుషవేష నాయిక కథలలో ఆనందం వేషం మోసగించడం వల్ల కలగదు. వేషం సంగతి ఎరిగినవారి పక్షాన పాఠకుడు నిలబడడం వల్ల కలుగుతుంది. అందుచేత నవ్వు వేషం వేసిన స్త్రీ మీద పడదు, ఆమెను గుర్తించలేని లోకం మీద పడుతుంది. ఈ దృష్టితో చూసినప్పుడు తేలికదనం ఈ కథల లోపం కాదని, బరువైన విషయాన్ని మోయడానికి అవి ఎంచుకొన్న మార్గమని తెలుస్తుంది.

హాస్యానికి ఆలంబనం ఎవరు?

నాట్యశాస్త్రం హాస్యరసానికి చెప్పిన విభావాలలో ఇతరుల వేషభూషలను వికృతంగా ధరించడం ఒకటి. ఈ సూత్రాన్ని యథాతథంగా అన్వయిస్తే మగవేషంలోని స్త్రీ, ఆడవేషంలోని పురుషుడు స్వయంగా హాస్యాలంబనాలు కావాలి. చాలా ప్రహసనాలలో జరిగేది ఇదే. మీసం ఊడిపోవడం, చీర కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకోవడం వంటి వాటిని చూసి ప్రేక్షకుడు వేషధారిని నవ్వుతాడు.

అయితే భారతీయ కథాసంప్రదాయంలోనే దీనికి భిన్నమైన మరో నవ్వు ఉంది. విరాటపర్వంలోని బృహన్నల ఘట్టం దానికి ప్రసిద్ధోదాహరణం. అంతఃపురంలో గొప్పలు పలికిన ఉత్తరుడు కౌరవసేనను చూడగానే రథం దిగి పరుగు తీస్తాడు. జడ ఊగుతుండగా బృహన్నల అతని వెంట పరుగెత్తి పట్టుకొంటుంది. ఆ దృశ్యం చూసి కౌరవసైనికులలో కొందరు నవ్వుతారు. శ్రోత కూడా నవ్వుతాడు. ఈ రెండు నవ్వులూ ఒకటి కావు. సైనికులు వేషాన్ని చూసి నవ్వుతున్నారు. వేషం లోపల ఉన్నది అర్జునుడని ఎరిగిన శ్రోత, ఆ సంగతి తెలియక నవ్వుతున్న సైనికులను చూసి, రథికుణ్ణనుకొంటూ సారథి చేతికి చిక్కిన రాకుమారుణ్ణి చూసి నవ్వుతున్నాడు. తెలుగు జాతీయం ఈ తేడాను స్పష్టంగా పట్టుకొంది. ఈ కథనుంచి భాషలో మిగిలిన హాస్యపదం ‘ఉత్తరకుమార ప్రగల్భాలు’. బృహన్నల పేరు ఆ జాతీయంలోకి ఎక్కలేదు.

ఇక్కడ హాస్యాలంబనం వేషధారి నుంచి చూపరికి మారింది. మొదటిది వేషాన్ని చూసిన నవ్వు. రెండవది వేషమెరిగిన నవ్వు. పురుషవేష నాయిక కథ మంచిదా కాదా అని నిర్ణయించే మొదటి అంశం ఈ రెండింటిలో అది దేని మీద ఆధారపడిందన్నదే.

బాపట్ల నుంచి తెనాలికి: స్థానం వారి మధురవాణి

స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో జన్మించారు. 1920లో అదే ఊళ్లో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి పాత్రధారి రాకపోవడంతో ఆ పాత్రను తానే ధరించి రంగస్థలం మీదికి వచ్చారు. తరువాత తెనాలి శ్రీరామవిలాస సభలో చేరి సత్యభామ, చిత్రాంగి, రోషనార వంటి పాత్రలతో ఆంధ్రదేశమంతటా పేరు పొందారు. 1956లో పద్మశ్రీ స్వీకరించారు. తన రంగస్థలానుభవాలను ‘నటస్థానం’ అన్న గ్రంథంలో పొందుపరిచారు. ఆయన ధరించిన పాత్రలలో ఈ చర్చకు అన్నింటికంటె ముఖ్యమైనది ‘కన్యాశుల్కం’లోని మధురవాణి.

గురజాడ అప్పారావు ఈ నాటకాన్ని 1897లో తొలిసారి ప్రచురించి, 1909 నాటికి విస్తృతంగా మార్చి తిరగరాశారు. ఈ రెండవ కూర్పులో వేషమార్పిడులు రెండు ఉన్నాయి. మొదటిది కరటకశాస్త్రి పన్నుగడ. తన శిష్యుడు మహేశానికి ఆడపిల్ల వేషం వేసి, తాను గుంటూరు శాస్త్రులుగా వచ్చి, లుబ్ధావధాన్లకు ఇచ్చి పెళ్లి చేస్తాడు. పెళ్లికూతురు మాయమవుతుంది. లుబ్ధావధాన్లు హత్యానేరంలో ఇరుక్కొంటాడు. రెండవది చివరి అంకంలోని మధురవాణి పురుషవేషం. వేశ్యలను గడప తొక్కనివ్వని సౌజన్యారావు పంతులు ఇంటికి ఆమె మగవేషంలో వెళ్లి, లుబ్ధావధాన్లను కాపాడే ఉపాయం చెబుతుంది. కథ ముడిపడింది మగపిల్లవాడి ఆడవేషంతో. ఆ ముడి విడిపోయింది ఆడదాని మగవేషంతో. నాటకనిర్మాణంలో ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుగా నిలబడిన స్తంభాల వంటివి.

మొదటి వేషంలో నవ్వు ఎవరి మీద పడుతుంది? శిష్యుడి మీద కాదు. డబ్బు మీది ఆశతో, ముసలితనంలో పెళ్లి మీది కోరికతో ఎదుటనున్నది మగపిల్లవాడని కూడా కనిపెట్టలేని లుబ్ధావధాన్ల మీద. రెండవ వేషంలో నవ్వు మరింత సున్నితం. సౌజన్యారావు ఉత్తముడు, సంస్కర్త, నిజాయితీపరుడు. అయినా తన ఎదుట కూర్చొని వివేకంగా, చమత్కారంగా మాట్లాడుతున్న వ్యక్తిని గౌరవిస్తూనే, ఆ వ్యక్తి ఏ జాతికి చెందిందో ఆ జాతిని దూరం పెట్టాలంటాడు. ఆయన గౌరవానికి, ఆయన నియమానికి మధ్యనున్న దూరాన్ని ప్రేక్షకుడు చూస్తాడు, ఆయన చూడలేడు. ఈ దూరమే ఆ సన్నివేశంలోని చిరునవ్వుకు ఆధారం. సౌజన్యారావును గురజాడ అవహేళన చేయలేదు. సంస్కర్తలోని అంధత్వాన్ని నొప్పి తెలియకుండా చూపించారు. ఉపన్యాసంతో సాధ్యం కాని పని ఒక తలపాగాతో సాధ్యమైంది.

రంగస్థలం మీద ఈ సన్నివేశానికి మరో పొర చేరింది. నాట్యశాస్త్రం పాత్రధారణను అనురూపం, విరూపం, రూపానురూపం అని మూడు విధాలుగా విభజించింది. స్త్రీ పాత్రను పురుషుడు, పురుష పాత్రను స్త్రీ ధరించడం మూడవ విధం. స్థానం వారు మధురవాణిగా నటించినప్పుడు పురుషుడు స్త్రీ అయ్యాడు, ఆ స్త్రీ మళ్లీ పురుషుడైంది. ఎలిజబెత్ కాలపు ఇంగ్లండులో బాలనటులు రోజలిండ్ వంటి నాయికలుగా నటిస్తూ, కథలో భాగంగా మళ్లీ మగవేషం ధరించినప్పుడు ఏర్పడిన స్థితి ఇదే. నటుడు తన సహజ పురుషరూపానికి తిరిగి వచ్చేస్తే ఈ సన్నివేశం దెబ్బతింటుంది. మగదుస్తుల అడుగున మధురవాణి నడక, చూపు, మాటతీరు ప్రేక్షకునికి కనబడుతూనే ఉండాలి. సౌజన్యారావుకు కనబడకూడదు. ఒకే అభినయం ఇద్దరికి రెండు విధాలుగా తోచాలి.

ఈ అభినయాన్ని ఆస్వాదించగలిగిన ప్రేక్షకుడు అమాయకుడు కాడు. తాను చూస్తున్నది నరసింహారావునని అతనికి తెలుసు, మధురవాణినని తెలుసు, పురుషవేషమని తెలుసు. ఈ మూడు ఎరుకలూ ఒకదాన్నొకటి చెరుపుకోకుండా నిలవడంలోనే అతని ఆనందం ఉంది. గిరీశంగా గోవిందరాజుల సుబ్బారావును, మధురవాణిగా స్థానం వారిని మెచ్చుకొన్న ప్రేక్షకులకు ‘వేషం’ అన్న మాట అబద్ధానికి పర్యాయపదం కాదు. తెలుగులో వేషం ‘వేస్తారు’, వేషం ‘కడతారు’. రెండు క్రియలూ శ్రమను, నైపుణ్యాన్ని చెబుతాయి. భామాకలాపంలో పురుషులే సత్యభామలైన కూచిపూడి సంప్రదాయం ఈ ఎరుకను అంతకుముందే స్థిరపరిచింది.

నవ్వు వెనుక మూల్యం

ఈ ఆనందాన్ని ప్రశంసించి ఊరుకోవడం సరిపోదు. మధురవాణిని సౌజన్యారావు ఇంట్లోకి రానివ్వకపోవడం నాటకంలోని సంఘటన. ఆమె వర్గానికి చెందిన కళావంతుల స్త్రీలను సభామర్యాద దూరం పెట్టడం సమాజంలోని సంఘటన. దేవదాసీల అంకితాన్ని నిషేధిస్తూ మద్రాసు రాష్ట్రం 1947లో చట్టం చేసే నాటికి సంస్కరణోద్యమం ఆ వర్గపు స్త్రీలను కళ నుంచి కూడా వేరుచేసే దిశగా చాలా దూరం నడిచింది. గౌరవకుటుంబాల స్త్రీలు రంగస్థలం ఎక్కడానికి వీలులేదు. ఎక్కడానికి కళ ఉన్నవారికి గౌరవం లేదు. ఈ రెండు నిషేధాల నడుమ మిగిలిన ఖాళీలో పురుషనటుని స్త్రీపాత్రధారణ కళగా ఎదిగింది. గణికగా నటించిన పురుషునికి సన్మానం దక్కింది, గణికకు దక్కలేదు.

ఈ చారిత్రక సత్యం స్థానం వారి ప్రతిభను తగ్గించదు. ఆ సన్నివేశపు అర్థాన్ని మాత్రం లోతుగా చేస్తుంది. మధురవాణి పురుషవేషం లేకుండా ఆ గది లోపలికి రాలేదు. ఆ కాలపు సమాజనాటకంలో మధురవాణి పాత్ర కూడా చాలావరకు పురుషదేహం లేకుండా ఆ వేదిక మీదికి రాలేదు. నాటకం లోపలి నిబంధన, నాటకం బయటి నిబంధన ఒకదాన్నొకటి ప్రతిఫలించాయి. తేలికగా నవ్విస్తూ సాగే సన్నివేశంలో ఇంత బరువు ఇమిడి ఉంది. ఆ బరువు నవ్వును అణచివేయకుండా చూడడం గురజాడ సాధించిన పని.

ఓరుగల్లు రహస్యం, రేపల్లె నవలాకారుడు

రంగస్థలం నుంచి నవలకు వస్తే, పురుషవేష నాయికగా తెలుగువారికి అందరికంటె దగ్గరైనది రుద్రమదేవి. ఆమె విషయంలో కల్పనకు చరిత్రే పునాది. పుత్రసంతానం లేని గణపతిదేవుడు కుమార్తెను వారసురాలిని చేశాడు. 1262లో రాజ్యభారం వహించిన ఆమెను పలు శాసనాలు రుద్రదేవ మహారాజుగా పురుషనామంతోనే పేర్కొన్నాయి. కృష్ణాతీరానికి కూడా ఆమె పాలన స్మృతి ఉంది. 1261 నాటి మల్కాపురం శాసనం మందడం, వెలగపూడి గ్రామాలను విశ్వేశ్వర శివాచార్యునికి దానం చేసిన విషయాన్ని, ఆ దానంతో నడిచిన మఠం, వైద్యశాల, ప్రసూతిశాల వంటి వాటిని వివరిస్తుంది. శాసనంలో కనిపించే రుద్రమ గంభీరమైన పాలకురాలు. ఆ గాంభీర్యం నుంచి ప్రణయసాహసకథను తీయడం నవలాకారుల వంతు అయింది.

ఇద్దరు రచయితలు ఈ వస్తువును చేపట్టారు. అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ రాశారు. తెనాలిలో తల్లావజ్ఝల శివశంకరశాస్త్రి నెలకొల్పిన సాహితీసమితితో సంబంధమున్న నోరి నరసింహశాస్త్రి, రేపల్లెలో న్యాయవాదవృత్తి చేస్తూ ‘రుద్రమదేవి’ రాశారు. నోరి వారిది ప్రణాళికాబద్ధమైన దృష్టి. ‘నారాయణభట్టు’, ‘రుద్రమదేవి’, ‘మల్లారెడ్డి’ నవలలు నన్నయ, తిక్కన, ఎఱ్ఱనల కాలాలను వరుసగా చిత్రిస్తాయి. కవిత్రయ యుగాల సంస్కృతిని సమగ్రంగా చూపాలన్న సంకల్పంలో రుద్రమ ఒక భాగం. అందువల్ల ఆయన నవలలో పురుషనామం రాజ్యధర్మానికి సంబంధించిన ప్రశ్నగా కనిపిస్తుంది, వినోదానికి సాధనం కాదు.

బాపిరాజు దారి వేరు. ఆయనది రంగులను, వేగాన్ని, ప్రణయాన్ని ప్రేమించిన చిత్రకారుని ఊహ. పెళ్లిపందిరి నుంచి వరుణ్ణి ఎత్తుకుపోయే సాహసంతో కథ ఊపందుకొంటుంది. గన్నారెడ్డి పైకి గజదొంగ, లోపల కాకతీయ సింహాసనానికి విధేయుడు. రుద్రమ పైకి రాకుమారుడు, లోపల యువతి. ఒకరి వేషం ధర్మానికి సంబంధించింది, మరొకరిది దేహానికి సంబంధించింది. రాజ్యాన్ని కాపాడడానికి వీరిద్దరూ తాము కానివారుగా కనబడవలసి వచ్చింది. నిజం తెలియని సామంతులు గన్నారెడ్డిని ద్రోహి అనుకొంటారు, ఆడది సింహాసనం ఎక్కుతుందా అని మీసాలు దువ్వుతారు. పాఠకుడు రెండు రహస్యాలకూ భాగస్వామి. నవల చదువుతున్నంతసేపూ సన్నగా సాగే ఉత్సాహం ఈ భాగస్వామ్యం నుంచే వస్తుంది. ఉత్తరుని ప్రగల్భాలు విన్న శ్రోత స్థానంలో ఇక్కడ పాఠకుడు ఉన్నాడు.

అయితే ఈ రెండు నవలల శీర్షికలను పక్కపక్కన పెట్టినప్పుడు ఒక విషయం తోస్తుంది. వినోదాన్ని పంచిన నవలకు పేరు వీరునిది. గంభీరమైన నవలకు పేరు రాణిది. బాపిరాజు నవలలో సాహసాల ఆనందం ఎక్కువ భాగం గన్నారెడ్డి చేతిలోనే ఉంటుంది. రుద్రమ రహస్యం ఆ సాహసాలకు కారణం మాత్రమే అవుతుంది. మగవేషంలో ఆమె స్వయంగా ఎంత ఆటలాడగలదో చూపే అవకాశం పూర్తిగా వినియోగపడలేదు. పేరులో ప్రధానస్థానం ఆమెకు ఇచ్చిన నోరి వారు ఆమెకు ఆటవిడుపు ఇవ్వలేదు. నాయికకు పేరూ, ఆటా రెండూ కలిసి దక్కిన చారిత్రక ప్రణయకథ ఈ జంటలో లేదు.

రీజెన్సీ లండనులో ఒక అమ్మాయి

ఆ లోటు ఏమిటో స్పష్టపడడానికి రీజెన్సీ కథ పోలిక ఉపకరిస్తుంది. ఈ ప్రక్రియకు రూపురేఖలు దిద్దిన జార్జెట్ హేయర్ 1940లో వెలువరించిన ‘ద కోరింథియన్’ నవలలో, ఇష్టంలేని పెళ్లి తప్పించుకోవడానికి పెనెలోపీ అబ్బాయి దుస్తుల్లో కిటికీ నుంచి దిగుతుంది. దారిన పోతున్న సర్ రిచర్డ్ ఆమెకు తోడవుతాడు. ఆమె అమ్మాయని అతనికి మొదటే తెలుసు. రహస్యం ఇద్దరిదీ అవుతుంది, పాఠకుడు మూడవవాడు. లోకమంతా బయటివారు.

అమెరికన్ రచయిత్రి పట్రీషియా రీడీ 1991లో ప్రచురించిన ‘మైరలాన్ ద మెజీషియన్’ ఈ కల్పనకు మంత్రవిద్యను జోడించింది. కిమ్ లండను వీధులలో మగపిల్లవాడిగా బతికే దొంగపిల్ల. అంగడిలో గారడీ చేసే మైరలాన్ బండిని సోదా చేయడానికి ఆమెను ఎవరో కూలికి పెడతారు. అతడు నిజానికి గారడీవాడు కాదు, అసలైన మంత్రవేత్త. దొంగతనం మోపబడిన వెండిపళ్లెం కోసం మారువేషంలో తిరుగుతున్న పెద్దింటి మనిషి. నిజమైన మంత్రవేత్త బూటకపు గారడీవాడిగా, అమ్మాయి అబ్బాయిగా తిరిగే ఈ అమరికకు, విధేయుడు దొంగగా, యువరాణి యువరాజుగా ఉన్న ఓరుగల్లు అమరికకు పోలిక కొట్టవచ్చినట్లు కనబడుతుంది. ఒకరినుంచి ఒకరు తీసుకొన్నారనడానికి ఆస్కారమే లేదు. తేలికపాటి ప్రణయసాహసకథకు ఈ జంటవేషం సహజమైన నిర్మాణమని మాత్రం చెప్పవచ్చు. ఇద్దరూ వేషధారులే అయినప్పుడు ఒకరి రహస్యం మరొకరికి ఆయుధం కాదు. వారి నడుమ సమానత అక్కడ మొదలవుతుంది. ప్రణయం ఆ సమానతకు ఫలితం.

రీడీ నవలలో ఆట పూర్తిగా కిమ్ చేతిలో ఉంటుంది. తాళాలు తీసేది, పొంచి వినేది, పరిస్థితిని అంచనా వేసేది ఆమె. పళ్లెం కోసం వచ్చినవారంతా ఒకచోట గుమిగూడే చివరి ఘట్టం ప్రహసనాన్ని తలపిస్తుంది. అందులో నవ్వులపాలయ్యేది హోదాలు, బిరుదులు గలవారు. అయితే ఈ ఉల్లాసం అడుగున ఒక భయం ఉంది. కిమ్ ఎదుగుతోంది. మగపిల్లవాడిగా చెల్లుబాటయ్యే రోజులు దగ్గరపడుతున్నాయి. దిక్కులేని ఆడపిల్లకు ఆ వీధులు ఏ గతి పట్టిస్తాయో ఆమెకు తెలుసు. మధురవాణికి వేషం ఒక గదిలోకి ప్రవేశం. రుద్రమకు అది సింహాసనానికి సోపానం. కిమ్‌కు అది ప్రాణరక్షణ. తేలికైన కథ ఈ భయాన్ని దాచదు, దాని మీద ఏడవదు. ఆ భయంతో బతుకుతూనే పరిహాసమాడగల నాయికను ఎదుట నిలబెడుతుంది.

వేషం తీసిన తరువాత

ఇటువంటి కథలపై బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. వేషం ఇచ్చిన స్వేచ్ఛ వేషంతోపాటే పోతుందన్నది ఆ ఆక్షేపణ. మగదుస్తుల్లో కత్తి పట్టిన అమ్మాయి చివరి ప్రకరణంలో పెళ్లికూతురై కూర్చొంటుంది. లోకం యథాస్థితికి వస్తుంది. అట్లా అయితే పాఠకుడు ఇంతసేపూ పొందిన ఆనందం ఒక సెలవుదినం మాత్రమే.

చాలా కథల విషయంలో ఈ ఆక్షేపణ నిజం. మంచి కథలు దీనికి ఇచ్చిన సమాధానాలు గమనించదగినవి. 1997లో వచ్చిన ‘మెజీషియన్స్ వార్డ్’లో కిమ్ పెద్దింట్లో ఆడపిల్లగా మర్యాదలు నేర్చుకొంటుంది. మగదుస్తులు పోయాయి గాని మంత్రవిద్య మిగిలింది. ఒక స్వేచ్ఛ స్థానంలో మరొకటి వచ్చింది. అద్భుతాంశం అలంకారప్రాయం కాదని ఇక్కడ తెలుస్తుంది. నాటి సమాజం స్త్రీకి ఇవ్వని వృత్తిని, విద్యను, స్వతంత్రప్రతిపత్తిని ఇవ్వడానికి రచయిత్రికి మంత్రం అవసరమైంది. చరిత్రలో రుద్రమకు మంత్రం అక్కరలేదు. స్త్రీ అని అందరికీ తెలిసిన తరువాత కూడా ఆమె శాసనాలలో మహారాజుగానే నిలిచింది. వేషం పోయినా పేరు పోలేదు.

మధురవాణి సమాధానం అన్నింటికంటె విశిష్టం. తానెవరో బయటపెట్టిన తరువాత ఆమె దేన్నీ కోల్పోదు. చేసిన మేలుకు ప్రతిఫలంగా అడిగిన ముద్దును, సౌజన్యారావు తన నియమంతో పెనుగులాడి ఒప్పుకొన్న క్షణంలో, తానే వదులుకొంటుంది. అంతవరకు దయ చూపవలసిన స్థానంలో ఆయన ఉన్నాడు. ఆ క్షణం నుంచి దయ చూపినది ఆమె. గిరీశం అసలు రూపాన్ని బయటపెట్టేది కూడా ఆమే. మగవేషం వేసి తీసేసిన స్త్రీ చేతిలో, పెద్దమనిషి వేషాన్ని ఎన్నడూ తీయని గిరీశం పట్టుబడడం గురజాడ కట్టిన చివరి ముడి. ఇక్కడ ప్రణయం పెళ్లితో ముగియదు. ప్రణయమని పేరు పెట్టడానికి కూడా వీలులేని ఒక గౌరవం మిగులుతుంది. హేయర్, రీడీ నవలల సుఖాంతం కంటె ఇది సాహసోపేతమైన ముగింపు.

ఉపసంహారం

పై పరిశీలన నుంచి పురుషవేష నాయిక గల వినోదరచనను అంచనా వేయడానికి మూడు ప్రశ్నలు తేలుతున్నాయి. నవ్వు ఎవరి మీద పడుతున్నది? రహస్యంలో ఎవరెవరికి భాగం ఉన్నది? వేషం తీసిన తరువాత నాయికకు ఏమి మిగిలింది? నవ్వు గుర్తించలేనివారి మీద పడి, రహస్యం పాఠకునితో పంచుకోబడి, వేషం పోయినా నాయికకు విద్యో, పేరో, నైతికాధికారమో మిగిలితే ఆ రచన కాలక్షేపం అన్న ముద్రతో పక్కన పెట్టదగినది కాదు.

తెలుగు విమర్శ గంభీరతకు, విలువకు మధ్య సమానత్వ చిహ్నం పెట్టడానికి అలవాటుపడింది. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు జీవితం ఈ అలవాటును ప్రశ్నిస్తుంది. మధ్యతరగతి జీవితాన్ని నిశితంగా విశ్లేషించిన ఆ రచయితే, తెనాలివారే అయిన చక్రపాణి నాగిరెడ్డితో కలిసి 1947లో ప్రారంభించిన ‘చందమామ’కు 1952 నుంచి 1980లో మరణించేవరకు పనిచేశారు. రాకుమారులు, మాంత్రికులు, మారువేషాలు గల కథలను తీర్చిదిద్దడం తన సాహిత్యకృషికి తగని పని అని ఆయన భావించలేదు.

స్త్రీపాత్రలను పురుషులు ధరించే కాలం రంగస్థలం మీద దాదాపు గడిచిపోయింది. 1955లో వచ్చిన ‘కన్యాశుల్కం’ చలనచిత్రంలో మధురవాణిగా సావిత్రి నటించినప్పుడు మూడు పొరలలో ఒకటి తొలగిపోయింది. ఆ మార్పు న్యాయమైనదే. అయినా స్థానం వారి ప్రేక్షకులు అలవరచుకొన్న చూపు, అంటే ఒకే మనిషిలో రెండు మూడు రూపాలను ఒకేసారి చూసి వాటిలో దేనినీ అబద్ధమనకుండా ఆనందించగల చూపు, నేటి పాఠకునికి కూడా అవసరమే. అబ్బాయి దుస్తుల్లో కిటికీ దిగుతున్న అమ్మాయిని చూసి నవ్వుకొనే పాఠకుడు ఆ చూపునే అభ్యసిస్తున్నాడు. ఆ అభ్యాసాన్ని పరిశీలించడం, దానికి తగిన పరిభాషను సమకూర్చడం విమర్శ చేయవలసిన పని. రసశాస్త్రంలోనూ, తెనాలి వేదిక చరిత్రలోనూ, రేపల్లె, ఓరుగల్లు నవలలలోనూ అందుకు కావలసిన సరంజామా సిద్ధంగా ఉంది.